రుచి చూడని లంగరు

ఉదయం ఐదుంబావుకి సరుగుడు తోట దగ్గర బస్సు దిగాను. విజయనగరం జిల్లా తీరం. తూర్పుగాలి, తడి ఇసుక. వీపున పాత పిట్టూ సంచీ, మెడలో స్టాప్‌వాచ్. హవల్దారుగా రిటైరయ్యాక ఒప్పుకున్న మొదటి డ్యూటీ. ఆ తోటలోనే, ఆర్మీ సెలక్షన్‌కి కుర్రాళ్లని తయారుచేసే ప్రైవేటు క్యాంపు. మూడు నెలలు. ముప్పైరెండు మంది, పదహారు పదిహేడేళ్ల వాళ్లు.

క్యాంపు పెట్టింది మా పాత సుబేదార్. మంచు పోస్టులో ఇద్దరం ఒకే మెస్‌టిన్‌ డబ్బాలో తిన్నవాళ్లం. అతను పిలిస్తే ఎందుకని అడగలేదు.

మొదటిరోజే తిండి పట్టిక రాసిచ్చాను. పరుగుకి ముందు అరటిపండు. పరుగయ్యాక చోడి అంబలి, అదే రాగి జావ, రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, చేప. సాయంత్రం ఉడికించిన శనగలు, బెల్లం. రాత్రి కడుపునిండా అన్నం, పెరుగు.

"ఎదిగే ఒళ్లు. రెండుపూటలా పరుగు. కండ గాల్లోంచి రాదు," అన్నాను.

"నువ్వు సెప్పినట్టే సేద్దుంరా," అని సుబేదార్ దాన్ని తన గది గోడకి అంటించాడు.

లంగరంటే సైన్యంలో వంటశాల. జవాన్లకి వడ్డించే ముందు డ్యూటీలో ఉన్నవాడు రుచి చూసి తీరాలి. సర్వీసంతా నేను తప్పని నియమం. ఇక్కడ మాత్రం నా కంచం గదికే వచ్చేది, వంటశాల వైపు వెళ్లనే లేదు. అంబలి, రెండు గుడ్లు. పెద్దరికం ఇస్తున్నారని మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో రావాలి. కళింగపట్నం చేపలవాళ్ల కుర్రాడొకడు మొదటివారం ఐదు నిమిషాల నలభై సెకన్లకి వచ్చాడు. ఐదోవారానికి ఆరు నిమిషాలు దాటింది. "తిన్నదంతా ఏటైపోతందిరా? బద్ధకం!" అని అందరి ముందూ అరిచాను. వాడు మళ్లీ గీత దగ్గరికి నడిచాడు.

నలభైఒకటో రోజు, పొద్దున్న ఆరున్నరకి, మూడో రౌండులో పడిపోయాడు. ఎత్తుకుంటే పక్కటెముకలు చేతికి గుచ్చుకున్నాయి.

"రాత్రి ఏటి తిన్నావురా?"

"సారన్నం సారూ."

"రోజూ పొద్దున్న ఇచ్చే గుడ్లు?"

"నీకు తెల్దేటి? నీ గదికెల్లే కంచంలో రోజూ సూత్తన్నాం గదా. మాకు వద్దన్నది నువ్వేనని సుబేదార్ సారు సెప్పినారు."

వంటశాలకి పరిగెత్తాను. గిన్నె మూత తీస్తే నీళ్లలాంటి చారు. అక్కడే ఉన్న సుబేదార్ తడబడలేదు.

"కాలీ కడుపైతేనే తేలిగ్గా పరిగెడతారొరే. బరువు సాలకపోతే ఏటి? సెలక్షన్‌లో కాటా ఎక్కేముందు డజను అరటిపళ్లు తినిపించి నీళ్లు తాగిస్తే సరిపోతాది."

"నా పేరెందుకు సెప్పినావు?"

"నీ మాటైతే కిక్కురుమనరు."

నమ్మించి గొంతు కోశాడు. ఒకే మెస్‌టిన్‌లో తిన్నవాడు. శత్రువు మీద కూడా నాకంత కోపం రాలేదు.

తల్లిదండ్రులందరికీ ఫోన్లు చేశాను. మధ్యాహ్నానికి తోట సగం ఖాళీ అయింది. ఆ కుర్రాణ్ణి బస్సులో నేనే ఇంటికి తీసుకెళ్లాను. గుడ్లు వద్దన్నది నేను కాదని, దారిలో జరిగింది జరిగినట్టు చెప్పాను. తలూపాడు.

వాళ్లమ్మ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చింది. "ముందు తినండి బాబూ, తరవాత మాటాడుకుందుం," అని ఇద్దరికీ అన్నం, నెత్తళ్ల చేపల కూర వడ్డించింది. వాడి పక్కన కూర్చున్నాను.

వాడు కంచాన్ని అవతలికి జరుపుకున్నాడు. నా వైపు మోచెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా తిన్నాడు. సొంత ఇంట్లో, తల్లి ముందు. నేను లేచి బయటికి వెళ్లేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.