వంతెన మీద నేను చెరిపిన మనిషి

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర పళ్ల డాక్టరు గది బయట నా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఎదుటి గోడ మీద ఒక పాత బొమ్మ కనిపించింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో విదేశీ చిత్రకారుడు వేసిన నలుపు తెలుపు బొమ్మ: కదలని కాలువ, రాతి వంతెన, ఆ వంతెన మధ్యలో బుట్ట పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి. నలభై ఏళ్ల కిందట ఆమెను చెరిపేసింది నేనే.

అప్పట్లో నాచారంలో ఒక అచ్చు కార్ఖానాలో పనిచేసేదాన్ని. మన కాలం వాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీద నెగటివ్ ఫిల్ము పరిచి, దుమ్ము వల్ల పడిన తెల్లచుక్కలను సన్నకుంచెతో రంగు పూసి మూసేవాళ్లం. మూయకపోతే అవి కాగితం మీద నల్లమచ్చలై తేలేవి. జనగామ వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నన్ను ఆ పనిలో పెట్టించింది అక్కడే మిషన్ నడిపే మా మేనమామ. ఒక బల్ల క్యాలెండర్ కోసం ఈ బొమ్మ వచ్చింది. చిన్నగా కుదించేసరికి వంతెన మీది మనిషి నువ్వుగింజంత చుక్కయింది. దుమ్మేననుకుని మూసేశాను.

అచ్చంతా అయి కట్టలు కట్టాక, అసలు బొమ్మను కవరులో పెడుతూ చూసుకున్నాను, అచ్చులో వంతెన మీద మనిషి లేదు. మేనమామకు చూపిస్తే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవ్వరు సూడరు బిడ్డా, ఊకో. నౌకరి పోతది."

నా మంచికే చెప్పాడు. అయినా ఆ మధ్యాహ్నం యజమాని గదికి వెళ్లి చెప్పేశాను. ఆయన క్యాలెండర్ చేయించుకున్న వాళ్లకు నా ముందే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు అలాగే పంపమన్నారు.

సాయంత్రం గేటు దగ్గర మేనమామ సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నడు?"

"ఇగనుంచి రెండుసార్లు సూడమన్నడు."

"నా ముచ్చట తీసిండా?"

"తీసిండు. నీకు తెల్వదని చెప్పిన మామా."

ఆయన సైకిల్ ఎక్కకుండా బస్ స్టాపు దాకా నాతో నడిచాడు. ఆ తర్వాత తను ఉద్యోగం విడిచేదాకా, నేను చూసిన ఫిల్ములన్నీ ఇంకోసారి తనూ వెలుతురుకు పట్టి చూసేవాడు.

ఆయన లేడు, ఆ కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు గోదాములున్నాయి, ఫిల్ములూ కుంచెలూ ఎప్పుడో పోయాయి. పని సులువైంది, మంచిదే. మొన్న కరెంటు బిల్లులో తప్పు పడితే ఫోన్‌లో నంబర్లు నొక్కుతూ అరగంట కూర్చున్నాను. అవతల రికార్డు చేసిన గొంతే తప్ప మనిషి పలకలేదు. పొరపాట్లు ఇప్పుడూ జరుగుతూనే ఉన్నాయి గానీ, నాదే తప్పని వచ్చి చెప్పే మనిషీ, కూర్చోబెట్టి వినే మనిషీ మాత్రం ఎక్కడా ఎదురుపడటం లేదు.