సరిహద్దు దాటని రాగిపిండి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక వేసవిలో, నేను మైసూరు సంస్థానం వాళ్ళ దృష్టిలో దొంగసరుకు రవాణాదారుణ్ణయ్యాను. సరుకు మొత్తం రెండు సేర్ల రాగిపిండి. అది కూడా నాది కాదు, మా కుక్కది.

అప్పుడు నేను కాలేజీలో చదువుతుండేవాణ్ణి. సెలవులకు అమ్మా నేనూ హోసూరుకు అవతల అవ్వ ఉండే పల్లెకు పోవాలి. నాయన పొద్దున పోతే రాత్రి దాకా అంగడిలోనే, కాబట్టి కుక్కకు ఇంట్లో తోడు లేదు. అవ్వ జాబు రాయించింది: “మీరు రాండి. కుక్క వస్తే దాని తిండి అదే తెచ్చుకోవల్ల. ఈడ రేషను మనుషులకే చాలడంలే.”

పుట్టినప్పటి నుంచీ రాగిసంగటి తప్ప మరొకటి ముట్టని కుక్క అది. అన్నం పెడితే అన్నాన్ని చూసి, తర్వాత మమ్మల్ని చూసేది, ఇది ఎవరికని అడిగినట్టు. అందుకని అమ్మా నేనూ కొన్ని వారాలు ముద్ద తగ్గించుకొని తిని, ఆ రెండు సేర్లు మిగిల్చాము. త్యాగం అనను. ఆకలి అంటాను.

కలాసిపాళ్యం బస్టాండులో, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు ఎక్కాము. కండక్టరు కోళ్ళ గంపను తానే ఎత్తి సీటు కింద పెట్టాడు. మేకపిల్లకు దారి ఇచ్చాడు. మా కుక్కను చూసి మాత్రం, “ఇది మనుషులెక్కే బస్సప్పా” అన్నాడు. మేకపిల్ల ఆ మాట శ్రద్ధగా విన్నది. అమ్మ నచ్చజెప్పిన మీదట కుక్కను నా కాళ్ళ మధ్య ఇరికించనిచ్చాడు. బొమ్మనహళ్ళి దాటేసరికి నా కాళ్ళు నావి కావు.

అత్తిబెలె గేటు దగ్గర బస్సు ఆగింది. గేటు అవతల మద్రాసు రాష్ట్రం. డ్రైవరు బస్సు వెనకనున్న బొగ్గు కొలిమిలోంచి నిప్పులు లాగుతుండగా, గేటు జవాను లోపలికి వచ్చాడు.

“ఏమప్పా, ఆ మూటలో ఏముండాది?”

“రాగిపిండి.”

“ధాన్యమూ పిండీ గేటు దాటకూడదు. దించు.”

“ఇది మనుషుల పిండి కాదు. కుక్కది.”

ఆయన కుక్కను చూశాడు. అది తోక ఊపింది. దానికున్న మర్యాద ఆ క్షణంలో నాకు లేదు.

“కుక్క పోవచ్చు. దాన్నెవరూ ఆపలే. పిండే పోకూడదు.”

నాకు తర్కంలో మంచి మార్కులే వచ్చేవి. “అంటే సంస్థానం పస్తున్న కుక్కనైతేనే దాటనిస్తుందన్నమాట” అన్నాను.

“కాలేజీ పిల్లోడివా?”

“అవును.”

“తెలస్తానే ఉండాది,” అని మూట దించాడు.

అమ్మ దిగి నెమ్మదిగా అన్నది: “పిండి లేకుంటే మీ అవ్వ దీన్ని గడప తొక్కనీదు. అదిగో తిరుగు బస్సు. నాయన దగ్గరికి పంపించేస్తాం.” తిరుగు బస్సు కండక్టరు అప్పుడే చెయ్యి చాపాడు: “కుక్క తాడిట్ల ఇయ్యప్పా.” నేను ఇవ్వలేదు. చేతికి రెండు చుట్లు చుట్టుకొని ఈసారి న్యాయశాస్త్రం అందుకోబోయాను. అంతలో అమ్మ జవానును అడిగింది.

“పిండి పోకూడదు సరే. సంగటి పోవచ్చునా అన్నా?”

ఆయన జేబులోంచి కాగితం తీసి పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. “సంగటి సంగతి ఇందులో రాయలేదమ్మా.”

ఇక ఆ గేటు దగ్గర జరిగిన వంటకు నేను సాక్షిని. అమ్మ మూడు రాళ్ళు పెట్టింది. డ్రైవరు లాగిన నిప్పులు పొయ్యిలోకి వచ్చాయి. టీ అంగడామె తపేలా, నీళ్ళు, తెడ్డు ఇచ్చింది. రెండు సేర్ల పిండినీ రెండు దఫాలుగా కెలికి, అమ్మ ముద్దలు కట్టింది. బస్సులో వాళ్ళందరూ దిగి సలహాలిచ్చారు. కోళ్ళ గంప మనిషి, “ఇంత పెట్టి సాకే కుక్కకు పెండ్లి కూడా చేస్తారా?” అని అడిగాడు. చేసేవాళ్ళమే, కానీ రేషను.

జవాను ఒక ముద్ద తీసుకున్నాడు. తనిఖీకట. ఉప్పు, పచ్చిమిరపకాయ అడిగి తీసుకొని, నిలబడి పూర్తిగా తనిఖీ చేశాడు. “సంగటే,” అని తీర్పు చెప్పి గేటు ఎత్తాడు. ఆ ముద్ద కోసం నేను ఎన్ని పూటలు అరకడుపుతో లేచానో ఆయన కాగితంలో రాసి ఉండదు.

అంత ఎండలో సంగటి ఎన్నాళ్ళు ఉంటుంది? మూడో రోజు ఆఖరి ముద్దకు పులుపెక్కింది. మా కుక్క దాన్ని చూసి నన్ను చూసింది. దాన్ని నాయన దగ్గరికి పంపడానికి అమ్మ తాడు వెతుకుతోంది. నేను అవ్వ జాబును తలుచుకుంటూ అరుగు మీద కూర్చున్నాను.

అవ్వ లోపలినుంచి వచ్చి, తన పళ్ళెంలోని వేడి ముద్దను సగం తుంచి కుక్క ముందు పెట్టింది.

“రేషను మనుషులకే చాలదని రాయించావు కదా అవ్వా,” అన్నాను.

“రాయించినాను. రాసిందంతా చేస్తామా?” అంటూ పోయి మిగిలిన సగం తినడానికి కూర్చుంది.

ఈ ఒక్క ముక్క ఆ జవానుకు తెలిసి ఉంటే పిండే దాటేది; జాబు వచ్చిన రోజే నాకు తెలిసి ఉంటే, నేను ఆ వేసవిలో కడుపునిండా తినేవాణ్ణి.