ఎండలో చూసి కొన్న మానిటర్

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చేసేది కూడా ఉద్యోగమేనంటే ఇంట్లోవాళ్లు నమ్మని రోజులవి. రాజమండ్రిలో పిన్నివాళ్లింట్లో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి పనిచేసేవాణ్ణి. ఇంకా పర్మనెంట్ కాలేదు. చేస్తారా లేదా అని మేనేజరుగారిని అడగడానికి నోరు పెగిలేది కాదు. రెండో స్క్రీను ఉంటే పని చురుగ్గా సాగి, అడక్కుండానే ఖాయం చేస్తారని ఆశపడ్డాను. హాల్లోంచి వరండాలోకి (గాలిని బట్టి నా ఆఫీసు మారుతుండేది లెండి) పట్టుకెళ్లేందుకు వీలుగా పోర్టబుల్ మానిటర్ కొందామనుకున్నాను.

పిన్ని తోడొచ్చింది. మా ఇంట్లో ఏ వస్తువూ ఒక్కళ్లే వెళ్లి కొనరు. షాపాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి మెరుపు లేనిది, రెండోది నిగనిగలాడేది. నాకు మొదటిదే కావాలి. “ట్యూబ్‌లైటు కింద చూస్తే ఏం తెలుస్తుందండీ?” అంటూ పిన్ని రెండింటినీ చీరల్లా చెరో చేతిమీదా వేసుకుని ఎండలోకి నడిచింది (వెలిగించి చూడాలన్న ఊహ ఎవరికీ రాలేదు). “అమ్మగారూ, జాగ్రత్తండీ!” అంటూ షాపాయన వెనకే పరిగెత్తాడు. ఆటోవాళ్లందరూ మమ్మల్నే చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. “ఇదేంట్రా, వెలిసిపోయినట్టుంది! దీని నిగారింపు చూడు,” అంది పిన్ని. వాదిస్తే ఇంకా జనం పోగవుతారని నిగారింపుకే తలూపాను.

ఇంటికొచ్చి తగిలిస్తే అందులో అక్షరాలకన్నా నా మొహం, వెనకున్న కిటికీ బాగా కనిపించాయి. పిన్నికి మాత్రం మంచి అద్దం దొరికింది.

రివ్యూ మీటింగు రోజున మేనేజరుగారు (తెలుగావిడే, నవ్వగా చూసినవాళ్లు లేరు) నా పని గురించి ఏదో అడుగుతున్నారు. పేరంటానికి బయల్దేరుతున్న పిన్ని వచ్చి, నేను ఆపేసి పక్కన పెట్టుకున్న ఆ స్క్రీనులోకి వంగి కుంకుమ దిద్దుకోసాగింది. లాప్‌టాప్‌లోంచి టీమంతా తననే చూస్తోందని ఆవిడకేం తెలుసు?

“పిన్నీ!” అన్నాను పళ్లబిగువున.

“ఉండరా, వంకర పోతుంది.”

“రవ్వంత పైకి దిద్దుకోండి పిన్నిగారూ,” అన్నారు లాప్‌టాప్‌లోంచి మేనేజరుగారు.

పిన్ని తడబడలేదు. దిద్దుకుని, లాప్‌టాప్ వైపు తిరిగి, “మీరేనాండీ మేనేజరుగారు? మావాణ్ణి పర్మనెంటు చేస్తున్నారాండీ? అడగడానికి వీడికి సిగ్గు,” అంది.

మేనేజరుగారు నోరు తెరిచేలోగా లాప్‌టాప్ టక్కున మూసేశాను.

“చెప్పబోతోంది కదరా! మొహమ్మీద తలుపేసినట్టు ఏంటది?” అని చీవాట్లేసి పిన్ని పేరంటానికి వెళ్లిపోయింది. నేను మళ్లీ తెరిచే ధైర్యం లేక, సిగ్గుతో చచ్చిపోతూ అక్కడే కూర్చున్నాను. కాసేపటికి ఫోను మోగింది.

“మీ ఉద్యోగం ఖాయమండీ. ముందు పిన్నిగారికి చెప్పండి. అడిగింది ఆవిడ కదా,” అన్నారు మేనేజరుగారు.

కావలసింది సూటిగా అడగడం నాకిప్పటికీ చేతకాదు. కెమెరా ఆపేయడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.