బేగానికి కుదిరిన సంబంధం

అశోక్‌నగర్ కమలక్క కుదిర్చిన పెళ్లిళ్లు ఎన్నో ఆమెకే గుర్తులేదు. చిక్కడపల్లి గుళ్లో ముహూర్తాల రోజున కాసేపు నిలబడితే చాలు, ఆమె కలిపిన జంట ఒకటైనా కనబడేది. నారాయణగూడలో కొందరు తల్లులు ఆమెను చూడగానే పెళ్లీడు కొడుకుల్ని పక్క సందులోకి లాక్కుపోయేవారని ఒక మాట ఉంది. అది గిట్టనివాళ్లు పుట్టించింది.

ఇంటి ముందుగదే ఆమె ఆఫీసు. ఒక పక్క బీరువా నిండా ఫొటోలు, మరో పక్క కిటికీ పొడుగునా పంజరాలు. సంబంధాల కోసం వచ్చినవాళ్లు ముందుగా పక్షులతో పరిచయం చేసుకోవలసిందే. పోలీసు అనే ఆకుపచ్చ లవ్‌బర్డ్ నేరుగా వచ్చి భుజమ్మీద వాలి, చొక్కా గుండీలు పీకి చూసేవాడు. పెళ్లికొడుకు విసుక్కుంటే కమలక్క ఆ సంబంధం అక్కడితో ఆపేసేది. మౌనిక అని ముచ్చటపడి పేరు పెట్టుకున్న నీలం పిట్ట, తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా నోరు మూసేది కాదు. కట్నకానుకల మాటలు మొదలైతే మరీ రెచ్చిపోయేది.

ఆ గదికి మహారాణి మాత్రం బేగం. కాకటీల్ జాతి పిట్ట. బూడిదరంగు ఒళ్లు, చెంపల మీద నారింజ బొట్లు, తలమీద నిక్కిన కుచ్చు. గిన్నెలో పోసిన గింజలు ముట్టదు. చేత్తో అందిస్తేనే తింటుంది, అదీ కమలక్క చేత్తోనే. దాని మొగుడు నవాబుకు ఈ పట్టింపులేవీ లేవు. ఏది పెట్టినా తినేవాడు, ఎవరు పిలిచినా పలికేవాడు. రెండువేల పదకొండు వానాకాలంలో ఆ నవాబు జబ్బు చేసి రోజు తిరక్కుండానే పోయాడు.

అప్పటినుంచి బేగం తన ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. ముందు రొమ్ము మీద, తర్వాత భుజాల మీద, చివరికి రెక్కలు కూడా. ఎగరబోయి నేలమీద పడేది. పశువుల దవాఖానలో డాక్టరమ్మ బాగా పరీక్ష చేసి, రోగమేమీ లేదని తేల్చింది. “దీనికి తోడు కావాలమ్మా. తోడు దొరికి తిండి తింటే బతుకుతది. ఇట్లనే ఉంటే చలికాలం దాటదు” అంది.

కమలక్క ఏడవలేదు సరికదా, ఆటోలో ఇంటికొస్తూ నవ్వుకుంది. తోడు వెతకమని తనకు చెప్పాలా? “చలికాలం దాకా ఎందుకు, దసరా లోపల్నే చేస్త పెండ్లి” అంది భర్త విద్యాసాగర్‌తో. ఆయన సరేనన్నాడు. ఆ ఇంట్లో ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే అవకాశం తక్కువ.

ఆమె పద్ధతి ఆమెకుంది. ముందు రూపం, తర్వాత ఈడూ జోడూ, ఆ తర్వాత ఇంటి మంచీ చెడ్డా. పాతబస్తీ పక్షుల బజారంతా గాలించి, పాలలా తెల్లగా మెరిసే మగపిట్టను తెచ్చింది. పిట్టలకని చెప్పకుండా పంతులుగారిని మంచిరోజు అడిగి, రెండింటినీ ఒక పంజరంలో పెట్టింది. బేగం ఆ అందగాడి కాలివేలు కొరికి రక్తం కళ్లజూసింది. రెండోసారి కవాడిగూడలో పిట్టలు పెంచే ఆశన్న దగ్గరనుంచి ఒక నెమ్మదస్తుణ్ణి తెచ్చింది. అదే బూడిదరంగు, అదే వయసు. బేగం వాడికి వీపు తిప్పి గోడకేసి చూస్తూ కూర్చుంది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. బేగం ఒంటిమీద ఈకలకంటే తోలే ఎక్కువ కనబడసాగింది.

మేడమీద కిరాయికుండే జగన్నాథరావు దగ్గర ఒక కాకటీల్ ఉండేది. ఆయనది కాకినాడ, ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. పిట్ట పేరు బుజ్జిబాబు. లేత పసుపు రంగు, కుచ్చు వెనక నున్నటి గుండు. ఆ రంగు పిట్టల్లో చాలావాటికి పుట్టుకతోనే అలా ఉంటుంది. నవాబు పోయిన కొత్తలోనే ఆయన మంచిమనసుతో కిందికి వచ్చి, “మావాణ్ణి ఒకసారి చూపించమంటారా కమలగారూ” అని అడిగాడు. కమలక్క పకపకా నవ్వింది. “బట్టతల సంబంధమా సార్. మా బేగానికి ఇంక అంత గతి పట్టలే” అంది. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మెట్లమీద ఎదురైతే గోడవైపు చూసేవాడు.

కార్తీకమాసంలో ఒక పొద్దున కమలక్క బేగాన్ని ఒళ్లో పెట్టుకుని గింజలు అందిస్తోంది. అది ముక్కు తిప్పుకుంటోంది. ఇంతలో పైనుంచి బుజ్జిబాబు ఈల వినబడింది. బేగం కుచ్చు నిటారుగా లేచింది. పడుతూ లేస్తూ ఒళ్లోంచి దిగి కిటికీవైపు నడిచింది.

కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్న విద్యాసాగర్ అద్దంలోంచే అన్నాడు. “రోజు గిదే కథ. పైన గుండోడు ఈలేస్తడు, ఈడ దీని కుచ్చు లేస్తది.”

“మరి నాకెందుకు చెప్పలే.”

“నువ్వు అడిగినవా. నన్ను వద్దుగాని, దాన్నన్న అడిగినవా?”

కమలక్క చేతిలోని గింజలు పక్కన పెట్టింది. ఇన్నేళ్లుగా మేనమామల్ని అడిగింది, జాతకాలు చూసేవాళ్లను అడిగింది, పక్కింటివాళ్ల దగ్గర కూడా వాకబు చేసింది. పిల్లను మాత్రం, ఫలహారాల పళ్లెం చేతిలో ఉండగా, నలుగురి మధ్యలో, నచ్చాడు కదా అని ఒక్క మాట అడిగి ఊరుకునేది. ఆ పిల్లలు తలదించుకుంటే సిగ్గనుకుంది. ఇప్పుడు ఆమెకే సిగ్గేసింది. చీర కొంగు సర్దుకుని మెట్లెక్కింది.

జగన్నాథరావు పేపరు దించలేదు.

“సార్, మీ పిలగాడు మా పిల్లకు నచ్చిండు.”

“బట్టతల కదండీ.”

“నోరు జారిన సార్. ఆ మాట మనసుల పెట్టుకోకున్రి. పిల్ల పానం మీదికొచ్చింది.”

ఆయన పేపరు మడిచాడు. గొంతు మెత్తబడిందిగాని బెట్టు పోలేదు. “వాణ్ణి పంపడం కుదరదండీ. పొద్దున్నే వాడు పలకరించకపోతే నాకు కాఫీ కూడా దిగదు. అమ్మాయినే పంపండి. కోడలు అత్తారింటికి రావడమే కదా పద్ధతి.”

ఇదే మాట కమలక్క ఎంతమంది ఆడపిల్లల తల్లులకు నవ్వుతూ చెప్పిందో. మరొకరి నోట విన్నప్పుడుగాని అందులోని ముల్లు తెలియలేదు. బేగం తన చేత్తో తప్ప తినదు. పరాయి ఇంట్లో పస్తులుంటే ఈ నాలుగు ఈకలూ మిగలవు. అయినా కిందికి వెళ్లి, బేగాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మళ్లీ మెట్లెక్కింది.

బుజ్జిబాబు పంజరం తలుపు తీయగానే బేగం లోపలికి అడుగుపెట్టింది. ముక్కుతో, కాళ్లతో చువ్వలు పట్టుకుని పైకి పాకింది. బుజ్జిబాబు ఎక్కడలేని బుద్ధిమంతుడిలా తల వంచాడు. బేగం ఆ గుండు చుట్టూ ఈకల్ని ముక్కుతో ఒక్కొక్కటే సవరించడం మొదలుపెట్టింది. కమలక్కకు కళ్లనీళ్లు ఆగలేదు. “ఎంతండీ, పై మేడే కదా” అని జగన్నాథరావు తువ్వాలు అందించాడు.

మర్నాడు ఆమె గుప్పిట్లో గింజలు పట్టుకుని పైకి పరుగెత్తింది. బేగం గిన్నెలో ముక్కు పెట్టి, బుజ్జిబాబు పక్కనే నిలబడి తింటోంది. ఆమె చెయ్యి చాపినా కన్నెత్తి చూడలేదు. జన్మలో ఎవరూ కమలక్కను అంత తియ్యగా అవమానించలేదు.

చలి ముదిరేకొద్దీ బేగం ఒంటిమీద ముళ్లలాంటి కొత్త ఈకలు మొలిచాయి. ఈలోగా రాంనగర్ నుంచి ఒక తండ్రి ఫొటోలతో వస్తే కమలక్క కవరు విప్పలేదు. “ఫొటోలు తర్వాత చూద్దాం. ముందు బిడ్డను తోల్కరాండ్రి. నేను ఒక్కదాన్నే ఆమెతోని మాట్లాడాలె” అంది. ఆయన కవరు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు కూడా అలాగే పోయారు. ఆమె లెక్కచేయలేదు. సంక్రాంతి దాటేసరికి, ఈ సంగతి చెవినపడి, కోచింగ్ కోసం హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు తమంతట తామే ఆమె తలుపు తట్టడం మొదలుపెట్టారు.

శివరాత్రి పొద్దున జగన్నాథరావు పైనుంచి కబురు పెట్టాడు. కమలక్క వెళ్లేసరికి ఆయన కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, పంజరం తలుపు తీసి ఉంచాడు. బేగం గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూసింది. రెక్కలు విప్పింది. నిండుగా ఉన్నాయి. ఒక్క ఊపున లేచి, ఫ్యాను చుట్టూ తిరిగి, క్యాలెండరు రెపరెపలాడేలా గదంతా చుట్టబెట్టి వచ్చి కమలక్క నెత్తిన వాలింది. వెనకే ఎగిరొచ్చిన బుజ్జిబాబు జగన్నాథరావు కళ్లజోడు కిందపడేశాడు. ఆయన దాన్ని వెతుక్కోవడం కూడా మరిచిపోయి నవ్వుతున్నాడు.

తల కదిపితే ఎక్కడ ఎగిరిపోతుందోనని కమలక్క కొయ్యబొమ్మలా నిలబడింది. అలా నిలబడే, మేడంతా వినబడేలా కింద ఉన్న భర్తను కేకేసింది.

“ఏమయ్యా, డాక్టరమ్మకు ఫోన్ కొట్టు. చలికాలం దాటినం అని చెప్పు. నా పిల్ల ఎగురుతున్నదని చెప్పు.”