మూడో ప్లగ్గు వైరు

పోయిన గురువారం మధ్యాహ్నం మస్కట్ శివారు ఘాలాలోని మా గ్యారేజీకి ఒక పాత పెట్రోలు పికప్పు దగ్గుకుంటూ వచ్చి ఆగింది. ఇప్పటి బండ్లయితే స్టీరింగు కింద ఒక తీగ తగిలించగానే ఏ సిలిండరు మొరాయిస్తున్నదో కంప్యూటరే చెప్పేస్తుంది కాని, ఈ బండికి ఆ తీగ తగిలించే చోటే లేదు. మా మలయాళీ మెకానిక్కు కాసేపు బానెట్టు కింద తల దూర్చి వెతికి, ఏమీ తోచక, స్పేరు పార్టుల స్టోరులో కూర్చుని ఉన్న నన్ను పిలిచాడు. నేను వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజను మీదికి వంగి చెవి పెట్టాను. హోరులో కలిసిపోయి, గోడగడియారం ముల్లు నడిచినట్టుగా, సన్నగా టిక్కు టిక్కుమంటున్నది. ఒక వైరు మార్పించాను, బండి కుదుటపడింది, అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం స్టోరులోకి తిరిగి వచ్చి, ఆ పూట ఎవరు ఏ పార్టు అడిగినా రెండుసార్లు అడిగించుకున్నాను. పాతికేళ్ళ కిందట ఇదే గ్యారేజీలో ఇదే శబ్దం విని నేను నోరు మూసుకున్నాను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, ఒమాన్ దక్షిణ కొసన రైసూత్ రేవులో రెండేళ్ళు సిమెంటు బస్తాలు మోసి, నడుము పడిపోయే దశలో ఎవరినో బతిమాలుకుని ఈ గ్యారేజీలో చేరాను. నాకు పని నేర్పినవాడు మా ఉస్తాదు. కడప జిల్లా మనిషి; ఇంట్లో ఉర్దూ, నాతో మాత్రం తియ్యటి సీమ తెలుగు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. డాక్టరు గుండె చూసినట్టు ఉండేది. కళ్ళు తెరిచి ఫలానా బేరింగు అన్నాడంటే, విప్పి చూస్తే అదే అయ్యేది. నా తరం వాళ్ళలో ఏ చేతిపనిలోనైనా ఇటువంటి గురువు దొరికిన అదృష్టవంతులు ఉంటారు, వాళ్ళకు నా మాట అర్థమవుతుంది. ఇంట్లో తండ్రికి కూడా అంత భయపడి ఎరగం, అంతగా ప్రేమించీ ఎరగం.

ఆ రోజు వచ్చిన పికప్పు ఖురియాత్ నుంచి చేపలు తెచ్చే ఒక ముసలి ఒమానీ జాలరిది. వెనక ఐసు, చేపలు నింపుకుని కొండదారి ఎక్కుతుంటే బండి గుంజడం లేదని, వెనక వచ్చే లారీలన్నీ దాటిపోతున్నాయని, మస్కట్ మార్కెట్టు చేరేసరికి ఐసు కరిగి చేప మెత్తబడుతున్నదని, ఆయన అరబీలో మెల్లగా చెప్పుకున్నాడు. ఉస్తాదు ఇంజను నడుస్తుండగానే ఒక్కొక్క ప్లగ్గు వైరూ పీకి చూశాడు. మంచి సిలిండరు వైరు పీకితే ఇంజను తడబడుతుంది; మూడోది పీకినప్పుడు మాత్రం ఏ తేడా లేదు. అంటే మూడో సిలిండరు పనిచేయడం లేదు. ఆ ప్లగ్గు విప్పి, వైరుకు తగిలించి బయట పెట్టి చూస్తే నిప్పురవ్వ బాగానే వచ్చింది. కొత్త ప్లగ్గు వేసినా మార్పు లేదు. రంధ్రం మీద బొటనవేలు పెట్టి గాలి ఒత్తిడి చూసి, వాల్వు కాలిపోయింది, ఇంజను పైభాగం హెడ్డు దించాలి అన్నాడు.

ఆ మాట అనే ముందు ఆయన ఇంజను మీదికి వంగి ఒకసారి విన్నాడు. పక్కనే ఉన్న నాకు టిక్కు టిక్కుమని వినపడింది. మూడో వైరు ఇనుప పట్టీకి ఆనుకున్న చోట పైతొడుగు చిట్లి, కరెంటు ప్లగ్గుదాకా పోకుండా అక్కడే పట్టీ మీదికి దూకుతున్నది. బయటికి తీసి చూసినప్పుడు వైరు పట్టీకి తగలదు కనుక రవ్వ బాగానే వస్తున్నది. ఎండ వెలుతురులో ఆ దూకుడు కంటికి కనపడదు, చెవికి వినపడాల్సిందే. జానెడు దూరంలో చెవి పెట్టి కూడా ఆయన ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. కొంతకాలంగా ఆయన టీవీ శబ్దం ఎందుకు పెంచుతున్నాడో, వెనకనుంచి పిలిస్తే ఎందుకు పలకడం లేదో నాకు ఒక్కసారిగా తెలిసివచ్చింది. ముప్పై ఏళ్ళ ఇంజన్ల మోత ఆయన చెవులు తినేసింది.

మేము అర్బాబ్ అని పిలిచే యజమాని అక్కడే నిలబడి ఉన్నాడు, జాలరి ఉన్నాడు, తోటి మెకానిక్కులంతా ఉన్నారు. వాళ్ళందరి ముందు ఆయన్ను కాదని ఎలా చెప్పను? చెవి పోయిన మెకానిక్కును ఎవరు పెట్టుకుంటారు? వీసా రద్దు చేసి పంపేస్తారని భయపడ్డాను. చెప్పలేదు.

మూడు రోజులు హెడ్డు విప్పి, వాల్వులు అరగదీశాము. పాత ఇంజను కదా, వాల్వులు నిజంగానే కాస్త కాలి ఉన్నాయి; ఉస్తాదు వాటిని జాలరికి చూపించాడు. ఆ మూడు రోజులూ ఆ ముసలాయన షెడ్డు నీడలో కూర్చుని, సాయంత్రం ఎవరి బండిలోనో ఖురియాత్ వెళ్ళేవాడు. తిరిగి బిగించేటప్పుడు ఎవరూ చూడకుండా మూడో వైరు స్థానంలో కొత్తది పెట్టి, పాతదాన్ని చెత్త డ్రమ్ములో వేశాను. ఇంజను మెత్తగా అందుకుంది. వారం తరువాత జాలరి ఒక పెద్ద వంజరం చేప తెచ్చి ఉస్తాదు చేతిలో పెట్టాడు. శుక్రవారం రూములో ఉస్తాదే వండి, తలకాయ పక్క ముక్క ఏరి నా పళ్ళెంలో వేశాడు.

అప్పటినుంచి నేనే ఆయన చెవినయ్యాను. ఆయన ఇంజను మీద వంగినప్పుడు నేనూ వంగేవాణ్ణి. ఉస్తాద్, ఇక్కడేదో కొట్టుకుంటున్నట్టుంది కదా అని అడుగుతున్నట్టుగా అందించేవాణ్ణి. ఫోరుక్లిఫ్టు వస్తే భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపేవాణ్ణి. దాదాపు ఏడాది గడిచింది. ఇదే సేవ అనుకున్నాను, ఇదే గురుభక్తి అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయంటే ఇప్పుడు రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు.

ఒక ఉదయం నేనొక కారు కింద పడుకుని గేరుబాక్సు బిగిస్తున్నాను. నీళ్ళ ట్యాంకరు ఒకటి వెనక్కి వస్తూ హారను కొట్టడం విన్నాను. రోజూ వచ్చే ట్యాంకరే, రోజూ కొట్టే హారనే. రెండోసారి కొట్టాక, ఉస్తాదు ఆవరణలో గొంతుక్కూర్చుని కార్బురేటరు కడుగుతున్నాడన్న సంగతి తట్టింది. కారు కింది నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి, పరుగెత్తాల్సింది పోయి, అక్కడే నిలబడి ఉస్తాద్, ఉస్తాద్ అని అరిచాను. వినపడదని లోకంలో నా ఒక్కడికే తెలిసిన మనిషిని నేను నోటితో పిలిచాను.

ఆస్పత్రిలో ఆయన కుడికాలు మోకాలి కింద తీసేశారు.

పోలీసులు వచ్చి అడిగితే ట్యాంకరు డ్రైవరు, హారను కొట్టాను, దేవుడి తోడు, రెండుసార్లు కొట్టాను అని అదే మాట పదే పదే చెప్పాడు. చివరికి నేను ముందుకు వచ్చి, ఆయనకు వినపడదు అన్నాను. ఏడాది పాటు నోటిలో దాచుకున్న మాట, ఆయనకు ఏ ఉపయోగమూ లేని రోజున బయటికి వచ్చింది. అర్బాబ్ నావైపు తిరిగి, తన వచ్చీరాని హిందీలో అన్నాడు: "ముందే చెప్పకూడదా? స్టోరులో కూర్చోబెట్టేవాణ్ణి కదా. అంత పనితనం ఉన్న మనిషిని వదులుకుంటానా?"

నిజంగా కూర్చోబెట్టేవాడో లేదో నాకు తెలియదు. కాని నా నడుమునొప్పి తిరగబెట్టాక నన్ను కూర్చోబెట్టాడు. ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీలో నేనున్నాను.

ఉస్తాదు ఊరికి వెళ్ళిపోయాడు. ప్రతి సెలవులోనూ వెళ్ళి చూడాలనుకోవడం, జగిత్యాలకూ కడపకూ దూరమని సాకు చెప్పుకోవడం, ఇలా ఆరేళ్ళు గడిపాక ఒకసారి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, చెవులు పూర్తిగా పోయాయి. ఆయన భార్య టీ ఇచ్చి పక్కనే నిలబడింది. నా తప్పును ఆమె ముందు గట్టిగా అరిచి చెప్పుకునే ధైర్యం లేక, మందుల చీటీ వెనక రాసిచ్చాను: ఆ ఖురియాత్ బండికి వాల్వు కాదు ఉస్తాద్, మూడో వైరు, నాకు వినపడింది, చెప్పలేదు.

ఆయన చీటీని దూరంగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని చదివాడు. తరువాత మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

"నాకు ఇంజను బిగించిన పొద్దే తెలుసప్పా," అన్నాడు. "మూడు వైర్లు జిడ్డుపట్టి నల్లగుండాయి, ఒగటి మెరుస్తాంది. చెవులు పోయినా నాకు కండ్లుండె గదా."

నేను చేతిలోని టీ కప్పు నేల మీద పెట్టాను.

"నువ్వు చెప్తావేమోనని నాలుగు దినాలు చూసినా. చెప్పింటే ఒప్పుకుందామనే ఉంటి. నువ్వు చెప్పలా. సరే, వీడే ఏమీ అనలేదంటే ఇంగా కొన్నాళ్ళు నెట్టుకురావచ్చులే అనుకుంటి."

కోపంగా అనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, టీ చల్లారిపోతున్నది తాగమని సైగ చేశాడు. ఆ తరువాతి సెలవుకు నేను వెళ్ళేసరికి ఆయన లేడు.

ఆ రోజుల్లో ఒక్కో రూములో పదిమందిమి పడుకునేవాళ్ళం. ఎవరి దగ్గు ఏదో చీకట్లో గుర్తుపట్టేవాళ్ళం, ఎవరింటి నుంచి ఉత్తరం వచ్చినా అందరం కలిసి చదువుకునేవాళ్ళం, అటువంటి ఆత్మీయత ఇప్పుడేదని మావంటి వాళ్ళం కలిసినప్పుడల్లా అనుకుంటూ ఉంటాం. నేనూ అంటాను. కాని మొన్న బండ్ల సొట్టలు తీసే మా డెంటింగు పనివాడు, ఇప్పుడు గ్యారేజీ చూసుకుంటున్న అర్బాబ్ కొడుకు దగ్గరికి నేరుగా వెళ్ళి, సార్, ఎడమ కంటికి సరిగ్గా ఆనడం లేదు, ఆస్పత్రికి పోవాలి, సెలవు కావాలి అని చెప్పాడు. ఆయన ఫోను నుంచి తల ఎత్తకుండానే సరే పో అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ జాలిపడలేదు, పక్కవాడు పనైనా ఆపలేదు. వీళ్ళకు ఒకరి ఊరు ఒకరికి సరిగ్గా తెలియదు. మాకు ఒకరి గురించి ఒకరికి అన్నీ తెలుసు. వినపడడం లేదు అన్న ఆ ఒక్క వాక్యమే మాకు నోట రాలేదు.