చేతి పంపు చప్పుడు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. జంషెడ్‌పూర్ కర్మాగారంలో డీజిల్ ఫిట్టర్‌గా చేరి, అక్కడే తల నెరిసి రిటైరైనవాణ్ణి. నైట్ షిఫ్టులో నీళ్ళ ట్యాంకు దగ్గర తెల్లచీర కనిపించిందని చెప్పినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో ఒక్కడైనా ఆ పూట గొంతు తడుపుకోకుండా డ్యూటీకి వచ్చినవాడు కాదు.

నా నమ్మకమల్లా యంత్రం మీదే. ఇంజను ఆగిందంటే దానికో కారణం ఉంటుంది. నడిచిందంటే దానికీ ఓ కారణం ఉంటుంది. ఈ సంగతి ఎవరినో నమ్మించాలని రాయడం లేదు. డీజిల్ పని తెలిసినవాళ్ళెవరైనా చదివి, నువ్వు ఫలానా చోట పొరబడ్డావయ్యా అని చెబితే వినాలని ఉంది.

ఇది డెబ్భైల చివర్లో, వానాకాలంలో జరిగింది. నాకింకా పెళ్లి కాలేదు. అమ్మా నేనూ అగ్రికో కాలనీలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. చెల్లెలు రవణమ్మను మా శ్రీకాకుళం వైపు మనిషే అయిన సూర్రావుకిచ్చి చేశాం. వరసకు బావ, వయసులో నా ఈడువాడు. ఊరికి దక్షిణాన, రైలు పట్టాల అవతల ఒక రాళ్ళ క్రషర్ ఉండేది. అక్కడి నుంచి కంకర తోలేవాడు. కాపురం ఆ క్రషర్ క్యాంపులోనే.

బావ లారీ ముందు ముక్కులా బానెట్ పొడుచుకొచ్చిన పాత మిలిటరీ బండి. మా బావది ఊరుకునే చెయ్యి కాదు. పాత ఇంజను పీకించి, తుక్కుకు పోయిన ఒక డంపర్ ఇంజను అందులో కూర్చోబెట్టించాడు. బాడీ ఎత్తు పెంచాడు. ఇంత చేసినా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడేది. ఇంజను ఆకలి పెరిగింది, డీజిల్ అందించే ఫీడ్ పంపు మాత్రం పాతదే. అది మార్చి పెట్టమని నన్ను అడిగాడు.

ఫీడ్ పంపు అంటే ట్యాంకులోంచి డీజిల్ పీల్చి ఇంజను వైపు తోసే చిన్న పంపు. దాని నెత్తిన ఒక గుండీ ఉంటుంది. దాన్ని చేత్తో పైకీ కిందికీ కొడితే, ఇంజను తిరగకపోయినా డీజిల్ వస్తుంది. దాన్నే చేతి పంపు అంటాం. పైపుల్లో గాలి చేరి, అంటే హవా పట్టి, బండి ఆగిపోతే, గాలి బయటికి పోయేందుకు ఉండే గాలి మరను వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలన్నీ పోయాక మర మళ్ళీ బిగించాలి. అప్పుడే ఇంజను అందుకుంటుంది.

మా బావకొక అలవాటు ఉండేది. అవసరమున్నా లేకపోయినా, రోజూ బండి తీసే ముందు బానెట్ ఎత్తి, పైడితల్లిని తలుచుకుని, నాలుగు దెబ్బలు చేతి పంపు కొట్టి, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవాడు. అతనే కాదు, ఆ క్రషర్ దగ్గరున్న మనవాళ్ళలో చాలామంది డ్రైవర్లు అదే చేసేవారు. వాళ్ళని చూసి నేను నవ్వేవాణ్ణి.

ఒక శనివారం సెలవు పెట్టి, అమ్మను తీసుకుని క్యాంపుకు వెళ్ళాను. రవణమ్మకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండు కాన్పులూ నిలవలేదు. ఈసారి పెద్దాసుపత్రికి దగ్గరగా, అగ్రికోలోనే ఉంచుకోవాలని అమ్మ పట్టుబట్టింది. శనివారం పంపు మార్చడం, ఆదివారం ఆ లారీలోనే చెల్లెల్ని మెల్లగా తీసుకురావడం. ఇదీ మా ఏర్పాటు.

అంతకుముందే సాక్చి బజారు తుక్కు కొట్లో ఒక క్రేను ఇంజనుది పెద్ద ఫీడ్ పంపు దొరికింది. బోల్టులు కలిశాయి గానీ, దాని చేతి పంపు గుండీ చాసిస్‌కి తగులుతోంది. నేను దాన్ని ఊడదీసి, ఆ కన్నంలో ఒక బోల్టు బిగించి మూసేశాను. బోల్టు వదులైతే తెలియాలని దాని మీదుగా పంపు ఒంటి మీదికి తెల్లరంగుతో ఒక గీత గీశాను. అది మా ప్లాంటు పద్ధతి. బోల్టు వీసమెత్తు కదిలినా గీత తెగుతుంది.

మా బావ చూసి మొహం ముడుచుకున్నాడు.

"చెయ్యి ఏసే చోటే నేకుండా చేసేవేటి బావా? రేపు హవా పట్టేత్తే ఏటి చేస్తాం?"

"కొత్త పంపు బావా, హవా గివా ఏమీ పట్టదు," అన్నాను. సాయంత్రం లోడేసుకుని గుట్ట ఎక్కించి చూశాం. బండి ఊపిరి తిప్పుకోకుండా ఎక్కింది. అంతా అయ్యాక కూడా బావ ఆ బోల్టు వంకే చూశాడు.

ఆదివారం తెల్లవారేసరికి రవణమ్మకు నొప్పులు మొదలయ్యాయి. క్యాంపులో ఉన్న ఒక్క జీపూ ఊళ్ళో లేదు. లారీలోనే బయలుదేరాం. క్యాబిన్‌లో ఎడమ వైపు కిటికీ దగ్గర అమ్మ కూర్చుంది. రవణమ్మ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని సీటు మీద పడుకుంది. బావ స్టీరింగు దగ్గర, నేను వెనక బాడీలో క్యాబిన్ పట్టుకుని నిలబడ్డాను. రాత్రంతా కురిసిన వాన ఆగింది. వెలుగు బాగా వచ్చేసింది.

క్యాంపు దాటాక గేటు లేని రైలు క్రాసింగు ఒకటి ఉంది. గనుల నుంచి ఖనిజం మోసే గూడ్సులు తిరిగే ఒంటి లైను. మట్టి గట్టు ఎక్కి పట్టాలు దాటాలి. బండి గట్టు ఎక్కింది. ముందు చక్రాలు మొదటి పట్టా దాటాయి. అంతే, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ముందు చక్రాలు రెండు పట్టాల మధ్య, చెక్కలు లేచిపోయిన గుంటలో దిగబడ్డాయి. వెనక్కి దొర్లించబోతే పట్టా అడ్డుపడింది. బానెట్ పట్టాల మధ్యన, క్యాబిన్ పట్టా మీద, మా చెల్లెలు ఆ క్యాబిన్‌లో.

దిగి, ఎడమ వైపు బానెట్ రెక్క ఎత్తి, గాలి మరను వదులు చేశాను. నురగ వచ్చింది. హవా పట్టిందన్నమాట. చెయ్యి అలవాటుగా చేతి పంపు మీదికి పోయింది. అక్కడ నా బోల్టే తగిలింది. ఆ క్షణంలో నా మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఇంకెవరి మీదా రాలేదు.

"రవణమ్మని దింపీ బావా!" అని అరిచాను. బావ తన సీట్లోంచే లేవదీయబోయాడు. అది కేకపెట్టి డాష్‌బోర్డు కమ్మీ పట్టేసుకుంది. పిల్ల వచ్చేస్తోంది, కదిపితే చచ్చిపోతానంది. అమ్మ "ముట్టుకోకండి దాన్ని!" అని అరిచింది.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. ట్యాంకు మూతిలో పైపు పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, నోటితో ఊదితే డీజిల్ ఇంజను వైపు పోతుంది. పాత మిస్త్రీలు, అంటే మెకానిక్కులు, చేసే పనే. ట్యాంకు కుడి వైపున, క్యాబిన్ వెనక ఉంది. స్పానర్ నిక్కరు జేబులో దోపుకుని అటు పరుగెత్తాను. మోకాళ్ళ మీద కూర్చుని ఊదడం మొదలుపెట్టాను.

రైలు కూత వినిపించింది. వంపు అవతల నుంచి. ఆగకుండా కూస్తోంది. ఒక మనిషి కూత మీంచి చెయ్యి తియ్యకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా.

సరిగ్గా అప్పుడే ఇంజను వైపు నుంచి చేతి పంపు చప్పుడు వినిపించింది. కిచ్... కిచ్... కిచ్. తొందర లేదు. ఒక్కో దెబ్బా నిండుగా పైకి లాగి, నిండుగా కిందికి. ఆ చప్పుడు నాకు పరాయిది కాదు, ఎన్నేళ్ళుగానో విన్నది. బావ కొడుతున్నాడనుకున్నాను. హమ్మయ్య అని కూడా అనుకున్నాను. బండికి చేతి పంపే లేదన్న సంగతి నాకు తట్టలేదు.

చప్పుడు ఆగింది. బానెట్ రెక్క మూసుకుంది. దాని మీద అరచేత్తో తట్టిన చప్పుడు వచ్చింది. స్టార్ట్ చెయ్యమని మిస్త్రీలు చేసే సైగ అది. సెల్ఫ్ మూలిగింది, ఇంజను అందుకుంది. బండి ఒక్క గెంతు గెంతి గుంటలోంచి లేచింది. ట్యాంకును ఆనుకుని ఉన్న నేను గట్టు మీంచి బురదలోకి బోర్లా పడ్డాను. తల ఎత్తేసరికి నా ముందు నుంచి వ్యాగన్లు పోతున్నాయి. బండి దాటిందో లేదో తెలియదు. చెల్లెలి పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాను. ఆ రొదలో నా గొంతు నాకే వినపడలేదు.

ఆఖరి వ్యాగన్ పోయాక అవతల లారీ కనిపించింది. ఇంజను ఆడుతూనే ఉంది. పట్టాలు దాటుకుంటూ పరుగెత్తి ఎక్కాను. దారిలో ఒక్కసారి కూడా బండి తడబడలేదు. సుందర్‌నగర్, జుగ్సలాయి, బిష్టుపూర్ దాటి ఆసుపత్రి దాకా ఒక్క బిగిన వచ్చాం. పోర్టికోలో బావ ఇంజను ఆపాడు. కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమమన్నారు. బావ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాడు. నాకూ కళ్ళు ఆగలేదు.

అప్పుడు అమ్మ బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి అడిగింది.

"ఆ మనిషి ఏడిరా?"

"ఏ మనిషమ్మా?"

"బండి కాడ వొంగోని పంపు కొట్టినాడు కదా, ఆ బాబు. ఆడ్ని ఎక్కించుకున్నారా, నేదా?"

నేను బావ వంక చూశాను. బావ నా వంక చూశాడు. పంపు కొట్టింది నేనేనని అతను అనుకుంటున్నాడు. అతనని నేను అనుకుంటున్నాను. అతను సీటు దిగనే లేదు. ఎత్తి ఉన్న రెక్క అడ్డుగా ఉండి అతనికేమీ కనపడలేదు. అమ్మకు మాత్రం పక్క కిటికీలోంచి వంగిన వీపు కనిపించిందట. తడిసిన ఖాకీ చొక్కా, బానెట్ అంచు మీద ఆనించిన ఎడమ చెయ్యి. మొహం కనపడలేదు. నేను ఆ రోజు బనీనుతో ఉన్నాను.

వెళ్ళి బానెట్ ఎత్తాను. చేతి పంపు ఉండాల్సిన చోట నా బోల్టు అలాగే ఉంది. తెల్లగీత ఎక్కడా తెగలేదు. నేను వదులు చేసి వదిలేసిన గాలి మర స్పానర్‌తో బిగించినంత గట్టిగా ఉంది. స్పానర్ నా జేబులోనే ఉంది.

అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. పెద్ద పంపు బలంగా పీలుస్తుంటే, ట్యాంకు నుంచి వచ్చే పాత రబ్బరు పైపు తట్టుకోలేక జాయింటు దగ్గర పగిలింది. వేలిగోరు పట్టేంత చీలిక. అందులోంచే హవా పట్టింది. చీలిక అలాగే ఉంది. ఆ పైపుతో బండి ఫర్లాంగు కూడా నడవకూడదు, ఊరంతా దాటి వచ్చింది. ఆపిన తర్వాత మాత్రం ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. మర్నాడు పైపు మార్చి, ఊది, గాలి తీస్తేగాని కదల్లేదు.

ఆ మధ్యాహ్నమే బావా నేనూ బస్సెక్కి క్రాసింగు దగ్గరికి వెళ్ళాం. పట్టాల వెంబడి రెండు వైపులా, తుప్పల్లోకి వంగి మరీ చూశాం. బండి నిలిచిన చోట కంకర మీద డీజిల్ చారిక ఉంది. ఇంకేమీ లేదు. లైను చూసే గ్యాంగ్‌మన్ కనిపిస్తే, ఇవాళ ఇక్కడ ఎవరైనా రైలు కింద పడ్డారా అని అడిగాను. లేదన్నాడు. పోనీ, ఎప్పుడైనా లారీ డ్రైవరో మిస్త్రీయో పోయాడా అని అడిగాను. ఇలాంటి ప్రశ్న వేస్తున్నందుకు నాకే సిగ్గేసింది.

"యహాఁ కోయీ నహీ మరా, బాబూ," అన్నాడు. ఇక్కడ ఎవరూ చావలేదట. తన తండ్రి కూడా ఆ లైను మీదే చేశాడట.

అంటే ఇక్కడొక డ్రైవర్ చచ్చి దయ్యమయ్యాడనే కథ కూడా నాకు మిగల్లేదు. అటుగా పోతున్న మిస్త్రీ ఎవరో చేశాడనుకుందామా? చేతి పంపు లేని బండికి చేతి పంపు ఎలా కొట్టాడు? భయంలో మా ముగ్గురికీ భ్రమ కలిగిందనుకుందామా? ముగ్గురి భ్రమ కలిసి గాలి మరను బిగించదు. ఇన్నేళ్ళూ డీజిల్ పని తెలిసిన ప్రతివాడినీ అడిగాను. కొందరు నవ్వారు. నేనైనా ఒకప్పుడు అదే చేసేవాణ్ణి.

అమ్మకు ఈ ప్రశ్నలేవీ లేవు. ఆమె బెంగ వేరు. బండి కదిలేటప్పుడు ఆ మనిషి పట్టాల మధ్యే నిలబడి ఉన్నాడు. రైలు వచ్చేసింది. మనం బతికి బయటపడి, ఆ బాబును అక్కడ వదిలేసి వచ్చేశామని ఆమె బాధ. మనవరాలికి పుట్టినరోజు చేసిన ప్రతిసారీ, అందరూ తిన్నాక, ఒక విస్తరిలో అన్నం పెట్టి పెరట్లో ఉంచేది.

చివరి రోజుల్లో అమ్మ బారిడీహ్‌లో మా ఇంట్లోనే మంచాన పడింది. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది. మాట సరిగా రావడం లేదు.

"నువ్వు ఎనకాల ఉన్నావు కదరా. సూసుంటావు. ఆ బాబు పట్టాల మీంచి దిగిపోనాడంటావా?"

నేను ఆ పూట బురదలో బోర్లా పడి ఉన్నాను. నాకు వ్యాగన్లు తప్ప ఏమీ కనపడలేదు.

"దిగిపోనాడమ్మా," అన్నాను. "నేను సూసేను. నీ వైపు తిరిగి చెయ్యి కూడా ఊపేడు."

అమ్మ చాలాసేపు నా చెయ్యి పట్టుకుని, "పోన్లే నాయనా, పోన్లే" అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం పట్టలేదు. అతను దిగాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.