ఎర గుచ్చిన చేయి

మా ఇంటి వాకిట్లో, మెట్ల కింద, ఒక నీలిరంగు డ్రమ్ము ఉంటుంది. అందులో పరక చేపలు ఉంటాయి. వేలెడు పొడవు, వెండి పొట్ట, క్షణం నిలకడ లేని ప్రాణులు. మేము తరతరాలుగా శాకాహారులం. మా తండ్రిగారు ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల టోకు వ్యాపారం చేసేవారు. నేను ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. చేప వండిన గిన్నె ఏనాడూ మా గడప దాటి లోపలికి రాలేదు. అయినా బతికున్న చేపలు మా వాకిట్లో ఏళ్ల తరబడి ఉన్నాయంటే, అందుకు కారణం హుస్సేనీ ఆలంలో మా గోడను ఆనుకొని ఉన్న ఇంటి పెద్దమనిషి.

ఆయన షేర్వానీలు కుట్టే దర్జీ. సెలవు దొరికిన ప్రతి ఉదయం చాంద్రాయణగుట్ట దాటి ఒక చెరువుకు వెళ్లి కొర్రమీనుకు గాలం వేసేవారు. వారి భాషలో దానిని మరల్ అంటారు. పాత ఇల్లు పడగొట్టి అంతస్తులు కట్టిన తర్వాత వారికి వాకిలి లేకుండా పోయింది. ఎర చేపలను ఉంచుకోవడానికి మా మెట్ల కింద చోటు అడిగారు. నేను రెండు షరతులు పెట్టాను. మా వాకిట్లో కత్తి ఆడరాదు. చచ్చిన చేప అక్కడ పొద్దుగూకే వరకు ఉండరాదు. ఆయన ఆ రెండింటినీ ఒక్కసారి కూడా తప్పలేదు. మాట మీద నిలబడే మనుషులతో నాకు స్నేహం సులభంగా కుదురుతుంది.

ఆ చెరువు గట్టు మీద కూర్చునేవారికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చేతితో ఎర గాలానికి ఎక్కిందో చేప వారిది. కర్ర ఎవరు పట్టుకున్నారు, ఎవరు లాగారు, ఎవరు వలతో పైకెత్తారు అన్నది అక్కడ ఎవరికీ పట్టదు. మొదట విన్నప్పుడు నాకు వింతగా తోచింది. ఆయన విడమరచి చెప్పిన తర్వాత న్యాయంగానే తోచింది. అక్కడి కొర్రమీను కదలని ఎర వంక చూడదు. పరకను వీపున, పై రెక్కకు కాస్త దిగువన, వెన్నెముకకు తగలకుండా గాలపు ముల్లుకు గుచ్చాలి. ముల్లు లోతుకు దిగితే ఎర అక్కడికక్కడే చస్తుంది. పైపైన దిగితే తోలు చీలి జారిపోతుంది. సరిగ్గా గుచ్చినది మాత్రం చాలాసేపు నీళ్లలో ఈదుతూనే ఉంటుంది.

"గుంజుడు ఎవడైనా గుంజుతడు సాబ్, తాకత్ ఉంటే చాలు. గుచ్చుడే హునర్," అనేవారు.

ఆ హునర్, అంటే పనితనం, ఉన్న కుడిచేయి పక్షవాతానికి లోబడింది. కాలు కొంత కాలానికి స్వాధీనంలోకి వచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉన్నా తెలిసేది. చేతివేళ్లు మాత్రం ముడుచుకునేవి గాని, ఎంత గట్టిగా ముడుచుకున్నాయో ఆయనకు తెలిసేది కాదు. టీ గ్లాసును వదులుగా పట్టుకొని జారవిడిచేవారు. ఉడికిన గుడ్డును పట్టుకుంటే చితికిపోయేది. వ్యాయామానికి ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి దొర్లించి, "పిల్లలాడుకునేది నాకెందుకు" అన్నారు.

ఒక ఉదయం వారి భార్య మా ఇంటికి వచ్చారు. నేను ఆమెను భాభీ అనే పిలుస్తాను.

"మాస్టర్ సాబ్, ఆ చేపలు ఎవరికన్న ఇచ్చేయండి. వాటిని చూస్తే ఆయన దిల్ ఖరాబైతది."

"ఆయన చెప్పిండా భాభీ?"

"చెప్పలే. అసలు మాట్లాడితే గదా చెప్పేది."

"అయితే ఆయన చెప్పేదాంక ఉండనీయండి," అన్నాను.

అలా చేపల సంరక్షణ నా చేతికి వచ్చింది. దేనినైనా చేపడితే క్రమంగా చేయాలన్నది నా స్వభావం. కుళాయి నీళ్లను మందు వాసన పోయేవరకు తెరిచిన బకెట్లలో నిలువ ఉంచేవాడిని. డ్రమ్ములోని నీళ్లన్నీ ఒకేసారి మార్చకుండా కొంత తీసి కొంత పోసేవాడిని. మేత చిటికెడు తవుడు. అది కూడా అవి తిన్నంతే. అడుగున మిగిలితే నీళ్లు చెడతాయి. గాలి బుడగల మోటరుకు కరెంటు పోతే నడిచేలా బ్యాటరీ పెట్టించాను. పిల్లులు రాకుండా, చేపలు ఎగిరి బయటపడకుండా పైన జాలీ బిగించాను. ఇవన్నీ ఆయన చేయగా నేను చాలాకాలంగా చూస్తున్నవే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ముల్లుకు గుచ్చబోయే ప్రాణిని ఇంత శ్రద్ధగా పోషించడంలో ఉన్న వైరుధ్యం నాకు తెలియనిది కాదు. మా శ్రీమతి దానిని సూటిగానే అడిగింది.

"మనం తినం. ఇంకొకలు చంపనీకి మనం సాదుడేందండి?"

చెరువుకు పోలేని మనిషి ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని చెప్పాను. ఆమె ఆనాటి నుంచి డ్రమ్ము వైపు చూడకుండా మెట్లెక్కడం మొదలుపెట్టింది.

కొంచెం ఓపిక రాగానే ఆయనను చెరువుకు తీసుకువెళ్లే పూనిక గట్టు మీది నేస్తం ఒకడు చేశాడు. ఆటో నడుపుతాడు. ఆయనకంటే చిన్నవాడు కావడంతో బాబాయి అనే అర్థంలో చచ్చా అంటాడు. నేను కూడా వెంట వెళ్లాను. గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాము. ఆయన కుడిచేతితో పరకను అందుకోగానే అది చితికి, కదలడం మానేసింది. రెండవదీ అంతే. ఆటో అతను జాలిపడి, తానే ఒక పరకను గుచ్చి, కర్ర ఆయన ఎడమచేతిలో పెట్టాడు. ఆ పూట అదృష్టమో దురదృష్టమో, మంచి కొర్రమీను పడింది. అతను గంతులు వేశాడు.

"మస్తు మాల్ పడ్డది చచ్చా! ఇయ్యాల ఇంట్ల దావతే!"

ఆయన ఆ చేప వంక చూసి, "నువ్వే తీస్కపో," అన్నారు.

"కర్ర నీ చేతిలనే ఉండె గద?"

"ఎర నీది. చేప నీది. గట్టు మీది మాట నా కోసం మారుతదా?"

అతను ఎంత బతిమాలినా వినలేదు. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు వచ్చి పిలిచినా ఆయన కదలలేదు. ఇంకొకరు గుచ్చి ఇస్తే కూర్చొని చూడడానికి రానన్నారు. ఆయన మొండితనాన్ని భాభీ నిందించారు. నేను నిందించలేకపోయాను. నియమం తనకు అనుకూలంగా ఉన్నంతకాలం పాటించి, కష్టం రాగానే సడలించుకునేవారిని నేను ఉద్యోగ జీవితంలో చాలామందిని చూశాను. ఈయన అటువంటివాడు కాడు. అయితే ఆ నియమమే ఆయనను మంచానికి కట్టివేస్తున్నది. దానిని మార్చలేము కనుక చేతినే మార్చాలి.

మరుసటి ఉదయం వెళ్లి, "భాయ్, మా ఇంటికి రండి, పని ఉన్నది," అని పిలుచుకు వచ్చాను. డ్రమ్ము పక్కన స్టూలు వేశాను. ఒక బకెట్టులో నీళ్లు పెట్టాను.

"ముల్లు సంగతి తర్వాత. ఒక్క పరకను డ్రమ్ముల నుంచి తీసి ఈ బకెట్టుల వేయండి. రేపు పొద్దుగాల అది బతికుండాలె. రోజుకు ఒక్కటే. రెండోది ఇయ్య."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "బడిల పోరగాండ్లను గూడ గిట్లనే సతాయించినవా?"

"ఇంతకన్న ఎక్కువ."

"అందుకే ఒక్కడు గూడ నిన్ను చూడనీకి వస్తలేడు."

నవ్వడం నాకు అలవాటు లేదు. ఆ రోజు నవ్వాను.

రోజుకు ఒకటే అనడానికి కారణం ఉంది. అభ్యాసం పేరుతో ప్రాణాలను దోసిళ్లకొద్దీ పారబోయడానికి నేను ఒప్పుకోను. ఒక్కటే అవకాశమని తెలిస్తే మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకొని పని చేస్తాడన్న నమ్మకం కూడా ఉంది. పైగా చేతికి తెలియని సంగతిని చేప చెబుతుంది. గట్టిగా నొక్కితే పొలుసులు రాలతాయి. రాలిన చోట దూది వంటి తెల్లని బూజు పడుతుంది. చేప ఒక పక్కకు ఒరిగి ఈదుతుంది. మృదువుగా పట్టుకుంటే మరునాటికి ఏమీ జరగనట్టు తిరుగుతుంది. వేళ్ల పట్టు ఎంతో వేళ్లే చెప్పలేకపోతున్నప్పుడు, ఆయనకు అంతకంటే నమ్మకమైన సాక్ష్యం లేదు.

మొదటి రోజుల పరకలు మరునాటికి నిలవలేదు. ఆయన చేతిని తడుపుకోవడం మరిచేవారు. లేదా పరక జారుతుందన్న భయంతో పిడికిలి బిగించేవారు. ముల్లు సంగతి ఎడమచేతికి నేర్పవచ్చునని, పరకను పట్టుకోవడం మాత్రం కుడిచేయి నేర్వక తప్పదని ఆయనే తేల్చారు. తర్వాత ఆలోచించి పిడికిలి పట్టడమే మానేశారు. తెరిచిన అరచేతిని నీటి అడుగుకు దించి, ఆగి, పరక తనంతట తాను పైకి వచ్చినప్పుడు బొటనవేలిని మాత్రం దాని వీపుపై ఆనించేవారు. పట్టు గుడ్డ మడత జారకుండా అలాగే ఆపేవాడినని అన్నారు.

ఆ రోజుల్లో ఒక ఉదయం నేను పూజ ముగించి రాకముందే మా శ్రీమతి కంఠం వినిపించింది. చీపురు చేతిలోనే ఉంది, బకెట్టు మీదికి వంగి ఉంది.

"ఇగో, నిన్నటిది బతికే ఉన్నదండి! మంచిగ తిరుగుతున్నది!"

గోడ అవతలి కిటికీ తెరుచుకుంది. "సచ్చీ? నిజంగనా, వదినా?" అని ఆయన గొంతు.

"ఒట్టు భాయ్! వచ్చి చూసుకో!"

అప్పటి నుంచి పొద్దున్నే బకెట్టు చూడడం ఆమె పనైంది. ఎవరూ అప్పగించలేదు. ఒరిగినది కనబడితే ఆ పూట గోడ అవతలికి వినబడకుండా మెల్లగా చెప్పేది. బతికినది కనబడితే గల్లీకంతా వినబడేలా చెప్పేది. క్రమంగా మెల్లగా చెప్పే ఉదయాలు తగ్గాయి. బతికిన వాటిని తిరిగి డ్రమ్ములో వేసేవాడిని.

చెరువుకు పోదామని ఆయనే అడిగిన నాడు, ముందురోజు నుంచి చేపలకు మేత ఆపాను. దారిలో నీళ్లు చెడకుండా అలా చేయాలి. మూత ఉన్న బకెట్టుపై తడిగుడ్డ కప్పి ఆటోలో నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. గట్టు చేరగానే చెరువు నీళ్లను కొద్దికొద్దిగా బకెట్టులో కలిపాను. ఆయన కుర్చీలో కూర్చొని, రెండు చేతులూ తడుపుకొని, కుడి అరచేతిని లోపలికి దించారు.

మొదటి పరక అరచేతిలోకి వచ్చింది. ముల్లు తాకకముందే ఎగిరి చెరువులో పడింది.

"దాని నసీబ్ బాగున్నది చచ్చా," అన్నాడు ఆటో అతను.

"నీ నోరు బాగలేదు," అన్నారు ఆయన, నీళ్ల వైపే చూస్తూ.

రెండవది వచ్చింది. బొటనవేలు ఆనింది. ఎడమచేయి ముల్లును అందుకుంది. వీపు దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. చూడలేక ఆటో అతను చేయి చాపాడు.

"చేతులు వెనక్కి పెట్టు," అన్నాను.

పాఠశాల వరండాలో వాడిన గొంతే అది. అతను నిజంగానే చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. ముల్లు మళ్లీ వీపును చేరింది, రెక్క దిగువన దిగింది, అవతలికి వచ్చింది. నేను ఆ క్షణంలో తల తిప్పుకున్నానని ఒప్పుకుంటాను. తిరిగి చూసేసరికి పరక నీళ్లలో ఉంది. తోక ఆడిస్తూ లోతుకు పోతోంది. నీటిపై తేలే బెండు దాని వెంట కదులుతోంది.

ఎండ ముదిరే వరకు ఏమీ తగల్లేదు. బెండు మాత్రం ఆగకుండా కదులుతూనే ఉంది. ఎర బతికి ఉందన్నమాట. ముగ్గురమూ ఆ బెండునే చూస్తూ కూర్చున్నాము. ఉన్నట్టుండి అది మునిగింది. కర్ర వంగింది. ఎడమచేయి ఒక్కటే దానిని ఆపలేకపోయింది. ఆయన ఏమాత్రం సంకోచించకుండా కర్రను ఆటో అతని చేతిలోకి తోశారు.

"పట్టు రా! గుంజకు, ఇడువు, కొంచెం ఇడువు... ఇప్పుడు గుంజు! గాడిద లెక్క కాదు, మెల్లగ! నా చేప అది, నా చేప!"

"నీదే చచ్చా, నీదే! లొల్లి పెట్టకు, కాళ్లు జారుతున్నయి!"

అతను మోకాలి లోతు బురదలో దిగి లాగాడు. ఆయన కుర్చీలో నుంచి తిట్లతో సహా ఆజ్ఞలిచ్చారు. నల్లని కొర్రమీను గట్టు మీద పడింది. అతను దానిని సంచిలో వేసి, మారుమాట లేకుండా ఆయన ఒడిలో పెట్టాడు. నేను పట్టుకుంటానని అన్నా ఆ సంచిని ఇంటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటి తలుపు దగ్గర భాభీ సంచి చూశారు. చూడగానే ముఖంలో అనుమానం కనబడింది.

"ఎవరిచ్చిండ్రు?"

ఆయన సంచిని ఆమె వైపు చాచారు. ఆమె నా వైపు చూశారు. ఇంతకాలంలో నేను ఆమెతో అబద్ధమాడింది లేదు.

"ఎర ఆయన చేతితోనే గుచ్చిండు భాభీ," అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆయన కుడిచేతిని చూశారు. తర్వాత సంచి అందుకొని, అల్లం వెల్లుల్లి నూరమని కోడలిని కేక వేస్తూ లోపలికి వెళ్లారు.